పంక్తిలో కీచురాళ్ళు

రండమ్మా, రండి నాయనా, ఇంకొంచెం ముందుకు జరగండి. ఆ స్తంభానికి ఆనుకున్న పెద్దాయనా, మీరూ ఇటు వచ్చేయండి, అక్కడ ఫ్యాను చప్పుడుకి నా మాట మీదాకా రాదు. పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. ఈ కథలో ఒక బల్లి ఉంది, కొన్ని పురుగులున్నాయి. అసహ్యించుకోకుండా వినండి. వాటిని పుట్టించేటప్పుడు ఆ దేవుడు అసహ్యించుకోలేదు కదా.

మార్కండేయులు అనే శిష్యుడికి ఒక బల్లి వల్ల ప్రాణం మీదకొచ్చింది. ఆగండి, తప్పు చెప్పాను. ప్రాణం మీదకొచ్చింది బల్లికి. మార్కండేయులుకి వ్రతం మీదకొచ్చింది.

సాలూరు దాటి, బండి కొండెక్కబోయే ముందు, జీలుగుగెడ్డ అనే వాగు పక్కన ఒక ఆశ్రమం ఉండేది. గురువు ధర్మలింగంగారు. మాట తక్కువ మనిషి. అడిగినదానికి సగమే చెప్పేవారు. మిగతా సగం మన మీద వదిలేసేవారు.

మార్కండేయులు ఎలాంటివాడంటే, ముప్పై దాటిన మనిషి, అనకాపల్లిలో బెల్లం వ్యాపారం అన్నదమ్ములకి అప్పగించి వచ్చినవాడు. ఏ ప్రాణికీ హాని చెయ్యనని గురువుగారి ముందు వ్రతం పట్టాడు. తాగే నీళ్ళు గుడ్డలో వడగడతాడు. కూర్చునే ముందు చాప దులుపుతాడు. దులిపిన చోట చీమ ఉందేమోనని మళ్ళీ వంగి చూస్తాడు. ఆయన కూర్చునేసరికి మిగతావాళ్ళు లేచే వేళయ్యేది. మంచివాడే. ఆ మంచితనం సంగతి తనకి కాస్త ఎక్కువ తెలుసు, అంతే.

ఒకరోజు కొండమీంచి వంటచెరుకు బండి వచ్చింది. దింపుతుంటే దుంగల మధ్యనుంచి ఒక బల్లి జారిపడింది. జానెడు ఉంటుంది. పసుపు ఒంటి మీద చిరుతపులికి ఉన్నట్టు నల్లమచ్చలు, బొద్దుగా తోక. వెనక కాలు ఒకటి నలిగిపోయింది. ఆ వైపు జనం దాన్ని చూస్తే విషప్పురుగు అనుకుంటారు. విషమూ లేదు, పాడూ లేదు. మనింటి గోడమీది బల్లికి కనురెప్పలుండవు చూడండి, దీనికి ఉంటాయి. మనలాగే కళ్ళు మూసి తెరుస్తుంది. కర్రలు పైకి లేచేసరికి అది అదే చేసింది. కళ్ళు మూసుకుంది.

ధర్మలింగంగారు వచ్చి తన పైపంచె దాని మీద కప్పారు. పంచెతో సహా ఎత్తి మార్కండేయులు చేతుల్లో పెట్టారు.

"కాలు బాగయ్యేదాకా ఇది నీది."

"నాదాండీ? ఇంతమంది ఉండగా నాకెందుకండీ?"

"నీ వ్రతం గట్టిది కదా."

మార్కండేయులు పొంగిపోయాడు. పాత చేపల తొట్టెలో ఇసక పోసి, పడుకోవడానికి పెంకు ముక్క బోర్లించి, నీళ్ళ మూకుడు పెట్టి బల్లిని అందులో ఉంచాడు. పెరుగన్నం పెట్టాడు. ముట్టలేదు. అరటిపండు పెట్టాడు. దాని మీంచి నడిచి వెళ్ళిపోయింది. నానబెట్టిన పెసలు పెట్టాడు. బల్లి ఆయన మొహంలోకి చూసి, రెప్పలు ఆర్పి, పెంకు కిందికి దూరింది.

ఆవుల్ని చూడ్డానికి వచ్చిన పశువుల డాక్టరు తొట్టెలోకి తొంగి చూసి నవ్వాడు. "ఇది పురుగులు తప్ప తినదండీ. అవి కూడా బతికున్నవి, కదులుతున్నవి. కీచురాళ్ళయితే బాగా తింటుంది. పిండిపురుగులు కూడా పర్లేదు. మిణుగురులు మాత్రం వద్దు, అవి తింటే చచ్చిపోతుంది. దీని తోకే దీని గాదె. బలమంతా అక్కడ దాచుకుంటుంది. తోక సన్నబడుతోందంటే ఆలస్యం చెయ్యకండి."

మార్కండేయులు గురువుగారి దగ్గరకి పరుగెత్తాడు.

"గురువుగారూ, ఇది పురుగుల్ని తప్ప తినదటండీ."

"తినదు."

"మరి నేనెలా పెట్టనండీ?"

"చేత్తో."

అదీ ఆయన చెప్పింది. తల పట్టుకోవాలా వద్దా మీరే చెప్పండి.

ఇక మొదలైంది తల్లీ, ఎంపిక. మీరు చీరల కొట్టులో కూర్చుంటే మీ ఆయన బయట ఎలా నిట్టూరుస్తాడో, ఆశ్రమమంతా అలా నిట్టూర్చింది.

ముందు వంటింట్లో రవ్వ డబ్బా తెరిచాడు. పిండిపురుగులు కనిపించాయి. చూసి మూత పెట్టేశాడు.

వంట చేసే సన్యాసమ్మ అడిగింది. "ఏటి బాబూ, తియ్యవేటి? ఉన్నాయి కదా కావలసినన్ని?"

"ఇది అన్నదానం రవ్వ సన్యాసమ్మా. ఇవి పుట్టినప్పట్నుంచీ ప్రసాదమే తిన్నాయి. వీటిని ఎలా చంపమంటావు?"

"ఓలమ్మో! రోజూ జల్లెడ పట్టి ఆటిని కాకులకేస్తన్నాను. ఇన్నాళ్ళూ అడగనేదేటి?"

మార్కండేయులు చెవులు మూసుకుని బయటికొచ్చాడు. చీమల్ని చూశాడు. సంసారులు, తలొక గింజ మోసుకుంటూ పిల్లల కోసం పోతున్నాయి, వద్దనుకున్నాడు. దీపం దగ్గర రెక్కల పురుగుల్ని చూశాడు. వెలుగు కోసం వచ్చినవి, భక్తులతో సమానం, వద్దు. బొద్దింకలు అశుచి, గురువుగారి పంచెలో పడుకున్న ప్రాణికి అవి పెట్టకూడదు. మిడత మొహం గుర్రం మొహంలా ఉంది, దేవుడి వాహనం గుర్తొచ్చింది, వద్దు. కీచురాళ్ళయితే పొద్దు వాలగానే ఒకటే పాట. అది భజన కాదని ఎవరనగలరు?

ఒక్కొక్క పురుగుకీ ఒక్కొక్క కారణం. ప్రతి కారణాన్నీ తీసుకెళ్ళి గురువుగారికి వినిపించేవాడు. ఆయన వింటూ ఆవుకి గడ్డి వేసేవారు. వింటూ బావిలో చేద దించేవారు. చివరికి ఒకనాడు చేద గట్టు మీద పెట్టి అడిగారు.

"తోక చూశావా?"

"చూశానండీ. సన్నబడింది. కానీ ఏ పురుగు పెట్టాలో ఇంకా ఒక నిర్ణయానికి రాలేకపోతున్నానండీ."

"నీకంటే ముందు అదే వచ్చేలా ఉంది, నిర్ణయానికి."

ఆ మాట సూదిలా గుచ్చుకుంది. మార్కండేయులు ఆ పూట జపం కూడా సరిగ్గా చెయ్యలేదు. కూర్చుని ఆలోచించాడు. ఆలోచించగా ఆలోచించగా ఒక ఉపాయం తట్టింది. ఎంత గొప్ప ఉపాయమంటే, తట్టగానే లేచి నిలబడ్డాడు. చాప కూడా దులపలేదు.

గోశాల గడ్డివాములోంచి కీచురాళ్ళని మెల్లగా, కాలు విరగకుండా పట్టుకొచ్చాడు. మూతకి చిల్లులు పెట్టిన పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో వేశాడు. వాటికి తిండి పెట్టలేదు. తులసితీర్థంలో ముంచిన దూది ఉండ ఒకటి పెట్టాడు. పక్కన కూర్చుని నామం వినిపించాడు.

సన్యాసమ్మ వచ్చి నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. "ఇదేటి బాబూ కొత్తగా?"

"ఉపవాసం సన్యాసమ్మా. ఉపవాసంతో దేహం శుద్ధి అవుతుంది. నామంతో మనసు శుద్ధి అవుతుంది. అప్పుడు బల్లికి పెడితే అది చంపడం కాదు. సాగనంపడం."

"ఆకలేస్తే ఆటికేటి పెడతావు?"

"ఎలాగూ పోయేవే కదా. వీటికి ఇప్పుడు తిండెందుకు? పుణ్యం కావాలి."

సన్యాసమ్మ లోపలికెళ్ళి పప్పు గుత్తితో గట్టిగా పప్పు మెదిపింది.

బల్లి తిన్నది నాయనా! చూస్తే కడుపు నిండాలి. కీచురాయి కదలగానే అది తోక చివర కాస్త ఆడించేది, నలిగిన కాలు ఈడ్చుకుంటూ ఒక్క అడుగు ముందుకేసేది, లటుక్కున నోట కరుచుకునేది. మార్కండేయులు కళ్ళనీళ్ళు పెట్టుకుని నామం చెప్పేవాడు. ఆశ్రమానికి వచ్చిన భక్తులకి డబ్బా చూపించేవాడు. "మౌనం కూడా పట్టాయి చూశారా? వచ్చిన రోజు ఎంత గోల చేశాయో! ఇప్పుడు ఒక్కటీ కూయదు." భక్తులు డబ్బాకి దణ్ణం పెట్టి వెళ్ళేవారు. పెట్టరా మరి? మనం దేనికి పెట్టం?

ధర్మలింగంగారు మాత్రం డబ్బా వైపు చూడలేదు. తొట్టె దగ్గర ఆగి బల్లి తోక చూసి వెళ్ళేవారు.

తోక లావెక్కలేదు. అదీ విడ్డూరం! తింటోంది, సన్నబడుతోంది. ఇంకా పెట్టాడు. ఇంకా సన్నబడింది. తోక దీపం వత్తిలా తయారైంది. ముందు కాళ్ళు వణకసాగాయి. మార్కండేయులుకి మొదట దిగులు పుట్టింది, తర్వాత కోపం వచ్చింది. తొట్టె ముందు కూలబడి బల్లితో తగువు పెట్టుకున్నాడు.

"ఏమే, నీకేం తక్కువ చేశాను? ఇంత పవిత్రమైన తిండి ఈ కొండల్లో ఏ బల్లికి దొరికిందే? ఒంటికెందుకు పట్టదే నీకు?"

వెనక నీళ్ళబిందె దించుతూ సన్యాసమ్మ అంది. "పుణ్యం కదా బాబూ. ఒంటికి పట్టదు."

"నువ్వూరుకో సన్యాసమ్మా!"

"ఊరుకుంతాను. బల్లి పేనమే ఊరుకునేలా నేదు."

మర్నాడు భోజనాల వేళకి ముందు తీర్థం పెట్టడానికి డబ్బా మూత తీశాడు. అడుగున ఒక కాలు పడి ఉంది. ఇంకో మూల సగం పురుగు. మిగతా సగాన్ని ఇంకో కీచురాయి నములుతోంది. దాని వెనక కాలిని మరొకటి కొరుకుతోంది.

మార్కండేయులు డబ్బా చంకన పెట్టుకుని ఆశ్రమం దద్దరిల్లేలా అరుస్తూ వచ్చాడు. అప్పటికి మధ్యాహ్నం పంక్తికి గంట కొట్టారు. వరండాలో విస్తళ్ళు పరిచారు. ధర్మలింగంగారు నడుముకి కండువా బిగించి, వడ్డించడానికి గరిటె చేతిలోకి తీసుకుంటున్నారు. ఆ ఆశ్రమంలో రోజూ గురువుగారే వడ్డించేవారు. ఆఖరి ఆకులో కూడా అన్నం పడి, ఆయన నామం చెప్పేదాకా ఎవరూ ముద్ద ఎత్తకూడదు. అది అక్కడి పద్ధతి.

"గురువుగారూ! ఇవి ఒకదాన్నొకటి తినేస్తున్నాయండీ! నామం విన్నవి! ఉపవాసం ఉన్నవి! తీర్థం పుచ్చుకున్నవి! చెంచాడు బుద్ధి లేదండీ వీటికి! అక్కడ ఆ బల్లి తల ఎత్తడం లేదు. ఇక్కడ ఇవి ఇలా. నా వల్ల కాదండీ. ఇంక ఏ పురుగుని పెట్టమంటారో మీరే చెప్పండి, మీ కాళ్ళకి మొక్కుతాను!"

ధర్మలింగంగారికి విసుగు రాదని మనం అనుకుంటాం. వచ్చింది. ముక్కు పుటాలు అదిరాయి. ఒక పెద్ద ఊపిరి తీసి వదిలారు.

"కూర్చో," అన్నారు.

"గురువుగారూ, బల్లి..."

"పంక్తిలో కూర్చో."

మార్కండేయులు డబ్బా ఒళ్ళో పెట్టుకుని తన ఆకు ముందు కూర్చున్నాడు. గురువుగారు ఆ డబ్బా తీసుకున్నారు. మార్కండేయులుకి ఎడమపక్క, ఇంకో మనిషి కూర్చోవలసిన చోట పెట్టారు. విస్తళ్ళు కుట్టే అడ్డాకు ఒకటి చింపి, చిన్న ముక్క చేసి, డబ్బా ముందు పరిచారు. నీళ్ళు చిలకరించి చేత్తో తుడిచారు, అందరి ఆకులూ తుడిచినట్టే.

అవతల కూర్చున్న ఒక రిటైర్డు హెడ్మాస్టరుగారు పక్కకి జరిగారు. "ఏవండీ ఇది? పురుగులతో సహపంక్తి భోజనమా?"

గురువుగారు ఆయన ఆకు కూడా ఒక బెత్తెడు అవతలికి జరిపి, తిరిగొచ్చారు.

గుమ్మడికాయ కూర కోసం తరిగినవాటిలోంచి ఉప్పూ కారం తగలని పచ్చి ముక్క కావాలన్నట్టు వంటింటి వైపు చూశారు. సన్యాసమ్మ అప్పటికే తరిగిపెట్టిన ముక్కలు, తోటకూర ఆకులు దోసిట్లో పట్టుకొచ్చింది. ఆయన వాటిని ఆ చిన్న ఆకులో పెట్టారు. పక్కన చిటికెడు అన్నం. ఒక దూదిపింజని మంచినీళ్ళలో తడిపి అంచున పెట్టారు. తొందరపడలేదు. కలెక్టరుగారు వచ్చి కూర్చున్నా అంతకంటే శ్రద్ధగా వడ్డించేవారు కాదు.

పంక్తి మొత్తం చూస్తోంది. ఇంకా ఎవరి ఆకులోనూ మెతుకు పడలేదు. మొదటి వడ్డన ఆ డబ్బాకే.

మార్కండేయులుకి తలకొట్టేసినట్టయింది. గొంతు తగ్గించి అడిగాడు.

"గురువుగారూ, ఇవి సాయంత్రానికి చచ్చేవండీ. వీటికి భోజనం ఎందుకండీ?"

ధర్మలింగంగారు అన్నం గిన్నె ఎత్తుకున్నారు. నిండు గరిటెడు అన్నం తీసి, మార్కండేయులు ఆకు మీదకి తెచ్చారు. తెచ్చి, అక్కడే ఆపారు. వేడి అన్నం పొగ శిష్యుడి మొహానికి తగులుతోంది.

"నీకు వడ్డించమంటావా, వద్దా?"

గరిటె అలాగే ఉంది. మార్కండేయులు గరిటెలోకి చూశాడు. ఖాళీ ఆకులోకి చూశాడు. పంక్తి చివరిదాకా చూశాడు. హెడ్మాస్టరుగారిని, వయసు మళ్ళినవాళ్ళని, పాలు తాగే బిడ్డతో వచ్చిన తల్లిని. అందరూ ఎప్పటికో పోయేవాళ్ళే, అందరూ ఆకలితో, ఆకుల ముందు, వడ్డన కోసం ఎదురు చూస్తున్నారు.

సన్యాసమ్మ వంటింటి గుమ్మంలోంచి, "ఏదో ఒకటి సెప్పు బాబూ, పప్పుసారు సల్లారిపోతంది," అంది.

మార్కండేయులు పక్కకి వంగి డబ్బా మూత తీశాడు. ఆ చిన్న ఆకుని రెండు చేతులతో ఎత్తి, ఒక్క ముక్క కింద పడకుండా లోపల పెట్టాడు. మోకాళ్ళ మీద వంగి చూస్తూ కూర్చున్నాడు.

మొదట ఏదీ కదల్లేదు. తర్వాత ఒక కీచురాయి మీసాలు ఆడించింది. నడవలేక నడిచి వచ్చింది. గుమ్మడి ముక్క మీద ముందుకాళ్ళు పెట్టి తలవంచింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత మిగతావన్నీ. మన పంక్తిలో పిల్లలు తింటున్నట్టే, అటూ ఇటూ చూడకుండా, ఒకటే పనిగా తిన్నాయి.

ఆయన భుజాలు కదలడం వెనకున్నవాళ్ళకి కనిపించింది. ఏడుస్తున్నాడో ఏమో, ఎవరూ అడగలేదు.

చాలాసేపటికి తిరిగి తన ఆకు ముందు సర్దుకుని కూర్చున్నాడు. చేతులు జోడించి, తల ఎత్తకుండా, "వడ్డించండి," అన్నాడు.

గురువుగారు వడ్డించారు. నామం చెప్పారు. పంక్తి తినడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం మార్కండేయులు తొట్టె దగ్గరకి ఒక్కడే వెళ్ళాడు. కడుపు నిండిన కీచురాయిని ఒకదాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. అది బరువుగా ఉంది. పురుగుకి బరువుంటుందని ఆయనకి అంతవరకూ తెలియదు. ఇన్నాళ్ళూ బల్లికి పెట్టినవన్నీ డొల్ల పురుగులని అప్పుడు తెలిసింది. ఈసారి దానికి ఏమీ బోధించలేదు. నుదుటికి ఆనించుకుని బల్లి ముందు వదిలాడు. బల్లి ఎంతోసేపు చూసింది. రెప్పలు ఆర్పింది. తల ఎత్తింది.

అప్పట్నుంచీ ఏ పురుగు పెట్టాలని ఆయన ఎవరినీ అడగలేదు. గోశాలలో కీచురాళ్ళు దొరికితే అవి, రవ్వలో పురుగులు దొరికితే అవి. ఏది తెచ్చినా ముందు దానికి తిండి పెట్టి, ఆ తర్వాతే తను ఆకు ముందు కూర్చునేవాడు. బల్లి తోక మెల్లగా నిండింది. కాలు వంకరగానే అతుక్కుంది, అయినా నడక వచ్చింది. తొలకరి పడ్డాక ఆయనే దాన్ని కొండమీద రాళ్ళ మధ్య వదిలి వచ్చాడు. వదిలిన చోట గురువుగారు ఏమన్నారని ఆశ్రమంలోవాళ్ళు అడిగితే, గురువుగారు అసలు రాలేదని చెప్పాడు.

లేవకండి తల్లీ, ఒక్క మాట, అయిపోయింది. ఇంటికెళ్ళాక మీకు బల్లి గుర్తుండకపోయినా పర్వాలేదు, నా మాటలన్నీ మర్చిపోయినా పర్వాలేదు. ఎవరి ఆకులోనూ మెతుకు పడకముందే ధర్మలింగంగారు ఆ డబ్బా ముందు ఒక ఆకు పరిచారు చూడండి, ఆ ఒక్క పని గుర్తుంచుకోండి. రేపు భోజనానికి కూర్చునేటప్పుడు మీ చేత్తో అదే చెయ్యండి. ఆ ఆకు ఎవరికి వెయ్యాలని మాత్రం నన్నడక్కండి. అన్నం గరిటె మీ ఆకు మీద ఆగినప్పుడు మీకే తెలుస్తుంది.